కుక్కలు, పిల్లుల పళ్ల సంరక్షణ, శస్త్రచికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కలకూ పిల్లులకూ పళ్ల చికిత్స చేసే వైద్యుడిగా నేను తరచూ వినే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వీటిలో చాలావరకు ఒకే అపోహ నుంచి పుడతాయి: పైకి కనిపించే పన్ను తెల్లగా ఉంటే నోరంతా బాగున్నట్టే అనుకోవడం. పంటిలో ఎక్కువ భాగం చిగురు లోపలే ఉంటుంది, జబ్బు కూడా అక్కడే ముదురుతుంది. కింది జవాబులన్నీ ఈ విషయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

మా కుక్క మామూలుగానే తింటోంది. పంటి నొప్పి ఉంటే తిండి మానేయదా?

మానేయదు. ఆకలి నొప్పికంటే బలమైనది, పైగా తమ బలహీనతను బయటపెట్టుకోకపోవడం ఈ జంతువుల నైజం. వేర్ల చుట్టూ చీము పట్టిన పళ్లతోనే గిన్నె ఖాళీ చేసే కుక్కలను నేను తరచూ చూస్తుంటాను. మారేది తినడం కాదు, తినే తీరు. ఒక పక్కనే నమలడం, నోట్లోకి తీసుకున్నదాన్ని కింద పడేసి మళ్లీ అందుకోవడం, నమలకుండా మింగేయడం, చొంగ ఎక్కువగా కారడం, ముట్టెను కాలితో రుద్దుకోవడం, తల నిమరబోతే పక్కకు తిప్పుకోవడం వంటివి కనిపిస్తాయి. పిల్లి అయితే ఆత్రంగా గిన్నె దగ్గరికి వచ్చి, ఒక్క మెతుకు నోట పెట్టగానే బుస్సుమంటూ వెనక్కి పరుగెత్తవచ్చు, లేదా ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టించుకోవచ్చు. వీటిలో ఏదీ కనిపించకుండానే జబ్బు ముదిరే సందర్భాలు కూడా తక్కువేమీ కావు. చికిత్స అయిన రెండు మూడు వారాలకు, ముసలితనం వల్ల మందకొడిగా ఉందనుకున్న కుక్క మళ్లీ బంతి తెచ్చి ఒళ్లో పడేస్తోందని పెంచేవారు చెబుతుంటారు. అంతకుముందు అది ఎంత ఓర్చుకుందో వారికి అప్పుడే అర్థమవుతుంది.

నోటి దుర్వాసన కుక్కలకు సహజమే కదా?

కాదు. ఆరోగ్యకరమైన నోటికి తిన్న ఆహారపు వాసన కొద్దిసేపు ఉండవచ్చు గానీ, దగ్గరికి రాగానే ముఖం తిప్పుకోవాల్సినంత కంపు ఎప్పుడూ సహజం కాదు. చిగుళ్ల సందుల్లో పెరిగే సూక్ష్మజీవులు విడుదల చేసే గంధకపు వాయువులే ఆ వాసనకు మూలం. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, నోటిలో పుండుపడిన కణితి వంటివి కూడా వాసనను మార్చగలవు కాబట్టి, వాసన తగ్గించే పొడులతో కప్పిపుచ్చడానికి ముందు నోరు పరీక్ష చేయించడం అవసరం.

వీటికి ఎన్ని పళ్లుంటాయి? పాలపళ్లు ఊడకపోతే ఏం చేయాలి?

కుక్కకు 28 పాలపళ్లు, 42 శాశ్వత పళ్లు ఉంటాయి. పిల్లికి 26 పాలపళ్లు, 30 శాశ్వత పళ్లు. ఆరేడు నెలల వయసుకల్లా శాశ్వత పళ్లన్నీ వచ్చేయాలి. చిన్న జాతి కుక్కల్లో పాల కోరపళ్లు ఊడకుండా, వాటి పక్కనే కొత్త కోరలు మొలవడం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే చోట ఒకే రకం పళ్లు రెండు ఒకేసారి ఉండకూడదన్నది మేము పాటించే నియమం. రెండు పళ్ల సందులో ఆహారం, వెంట్రుకలు ఇరుక్కుని చిగురు చెడుతుంది, కొత్త పన్ను పక్కకు జరిగి అంగిలిని పొడుచుకుంటుంది. అందుకే వాటంతటవే ఊడతాయని నెలల తరబడి ఎదురుచూడకుండా, కొత్త పన్ను మొలవగానే చూపించాలి. పాల కోర వేరు సన్నగా, పొడవుగా ఉంటుంది. తొందరపడి లాగితే విరిగి లోపలే ఉండిపోతుంది. ఇంట్లో ఎవరూ ఆ ప్రయత్నం చేయకూడదు.

రావలసిన పన్ను ఒకటి రాకపోయినా ఎక్స్-రే తీయాలి. ముఖ్యంగా ముట్టె పొట్టిగా ఉండే జాతుల్లో, మొలవకుండా దవడలోనే ఉండిపోయిన పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడి ఎముకను తినేయగలదు.

పాచికీ గారకూ తేడా ఏమిటి?

పాచి అంటే తోమిన కొన్ని గంటల్లోనే పంటి మీద పేరుకోవడం మొదలయ్యే మెత్తని జిగట పొర. అది సజీవమైన సూక్ష్మజీవుల గుంపు. లాలాజలంలోని ఖనిజాలు చేరి రెండు మూడు రోజుల్లో అదే గట్టిపడి గోధుమరంగు గారగా మారుతుంది. పాచిని బ్రష్షు తీస్తుంది, గారను తీయలేదు. కుక్కల్లో గార ఎక్కువగా కనిపించేది పైదవడ వెనుకభాగంలోని పెద్ద పన్ను బయటి వైపున, ఎందుకంటే చెంపలోని లాలాజల గ్రంథి నాళం సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. మీరు పెదవిని ముందువైపు మాత్రమే ఎత్తి చూస్తే ఇది కనబడదు. నోరు మూసే ఉంచి, పెదవి మూలను చెవి వైపుకు లాగి చూడండి. పన్ను రంగుకంటే ముఖ్యంగా, పన్నూ చిగురూ కలిసే అంచున సన్నని ఎర్రగీత ఉందేమో గమనించండి.

ఆ ఎర్రగీత దశలో ఉన్నదంతా చిగురు వాపే. శుభ్రం చేస్తే పూర్తిగా నయమవుతుంది. తరువాతి దశలో పన్నును ఎముకకు పట్టి ఉంచే కణజాలమూ, ఆ పైన ఎముకా కరగడం మొదలవుతుంది. ఆ ఆధారం నాలుగో వంతు లోపు పోతే రెండో దశ, సగం వరకు పోతే మూడో దశ, సగం దాటితే నాలుగో దశ అని లెక్కిస్తాము. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. నాలుగో దశలో పన్ను తీయడమే సాధారణంగా మిగిలే మార్గం. బొమ్మల్లాంటి చిన్న కుక్కల్లో కింది దవడ సన్నగా ఉంటుంది కాబట్టి, ఎముక ఇలా కరిగిన చోట మంచం మీద నుంచి దూకినంత మాత్రానే దవడ విరిగిన సందర్భాలుంటాయి.

మత్తు లేకుండా గార గీకి శుభ్రం చేస్తామంటున్నారు. అది చాలదా?

చాలదు, పైగా నష్టం కూడా. మెలకువగా ఉన్న జంతువు నోట్లో పంటి బయటి వైపు కనిపించే గారను ఎలాగో గీకవచ్చు గానీ, చిగురు కింద ఉన్నదాన్ని తీయడం, నాలుక వైపు భాగాన్ని శుభ్రం చేయడం, ఎక్స్-రే తీయడం సాధ్యం కాదు. పళ్లు తెల్లబడతాయి, జబ్బు అలాగే ఉంటుంది, అంతా బాగుందన్న ధీమాతో మరో ఏడాది గడిచిపోతుంది. పదునైన పరికరం గీసిన గీతల్లో పాచి మరింత త్వరగా పడుతుంది. అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజ్, వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ రెండూ ఈ పద్ధతిని స్పష్టంగా వ్యతిరేకిస్తున్నాయి. గట్టిగా పట్టుకుని నొప్పి ఉన్న చిగుళ్లను గీకించుకున్న జంతువు ఆ తరువాత ఇంట్లో బ్రష్షును కూడా నోటి దగ్గరికి రానివ్వదన్నది నా అనుభవం.

మాది పెద్ద వయసు కుక్క. మత్తు ఇస్తే మళ్లీ లేస్తుందా అని భయంగా ఉంది.

ఈ భయాన్ని నేను ఎప్పుడూ తేలికగా తీసుకోను. మత్తులో ప్రమాదం సున్నా అని చెప్పే వైద్యుడు నిజం చెప్పడం లేదు. అయితే వయసు దానికదే జబ్బు కాదు. లెక్కలోకి వచ్చేది గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్నది. అందుకే ముందుగా రక్తపరీక్ష, గుండె చప్పుడులో తేడా వినిపిస్తే గుండె స్కానింగు, రక్తపోటు కొలత చేయిస్తాము. లోపం బయటపడితే మందులు మార్చుకుంటాము, కొన్నిసార్లు ముందు ఆ జబ్బును అదుపులోకి తెచ్చి నెల తరువాత పెట్టుకుంటాము.

చికిత్స జరుగుతున్నంతసేపూ సెలైన్ ఎక్కుతూ ఉండాలి. శ్వాసనాళంలో గొట్టం వేసి దాని చుట్టూ గాలిబుడగ ఉబ్బించాలి, లేకపోతే గార తొలగించే స్కేలింగు యంత్రం చిమ్మే నీరు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె లయ, రక్తపోటు, ఆక్సిజన్, వదిలే శ్వాసలో కార్బన్ డయాక్సైడు, శరీర ఉష్ణోగ్రతలను చూసుకోవడానికే ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి. పన్ను తీసే వైద్యుడే మత్తును కూడా చూసుకోవడం మంచిది కాదు. పిల్లుల విషయంలో ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. గొట్టం బుడగను అతిగా ఉబ్బించినా, గొట్టానికి యంత్రపు పైపు తగిలించి ఉండగానే పిల్లిని పక్కకు తిప్పినా శ్వాసనాళం చిరగవచ్చు. నోరు బార్లా తెరిచి ఉంచే స్ప్రింగు పరికరాన్ని వాడితే మెదడుకు, కంటికి రక్తం తీసుకెళ్లే ధమని నొక్కుకుపోయి చూపు పోయిన సంఘటనలున్నాయి. అందుకే ఆ పరికరాన్ని పిల్లులకు వాడకూడదు.

మత్తుకు ముందు ఎన్ని గంటలు ఉపవాసం ఉంచాలో మీ డాక్టరును అడిగి అలాగే పాటించండి. పెద్ద జంతువులకు సాధారణంగా ఆరు గంటల వరకు చెబుతారు, కానీ కుక్కపిల్లలకు, పిల్లికూనలకు అంతసేపు కడుపు ఖాళీగా ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది.

కళ్లతో చూస్తే తెలియదా? ప్రతి పంటికీ ఎక్స్-రే ఎందుకు?

కుక్క కోరపన్నును ఉదాహరణగా తీసుకుందాం. బయటికి కనిపించే భాగంకంటే లోపలి వేరే పొడవు. ఆ వేరు వెనక్కి వంగి, రెండు పళ్ల అవతల వరకు ఎముకలో సాగుతుంది. దాని కొసన చీముగడ్డ ఉన్నా, పన్ను మాత్రం మెరుస్తూనే కనిపించవచ్చు. చిగురు లోతును సన్నని కొలత పుల్లతో చూస్తాము. కుక్కలో 3 మిల్లీమీటర్ల వరకు, పిల్లిలో 1 మిల్లీమీటరు వరకు ఉంటే సహజం. అంతకంటే లోతు ఉంటే కారణం ఎక్స్-రేలోనే దొరుకుతుంది. పన్ను తీసిన తరువాత కూడా వేరు మొత్తం వచ్చిందో లేదో ఎక్స్-రేతో నిర్ధారించుకోవాలి.

పిల్లి పన్ను కరిగిపోతోందని డాక్టరు చెప్పారు. అదేమి జబ్బు?

పిల్లుల్లో చాలా సాధారణంగా కనిపించే జబ్బు ఇది. శరీరంలోని కణాలే పంటి గట్టి భాగాన్ని కొరికేస్తూ పోతాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఇది మనుషుల పిప్పిపన్ను వంటిది కాదు, అసలు పిప్పి పళ్లు పిల్లుల్లో దాదాపు ఉండవు. తరచుగా మొదట దెబ్బతినేది కింది దవడలో కోరపన్ను వెనుక ఉండే మొదటి దవడ పన్ను. చూస్తే అక్కడ చిగురు చిన్న ఎర్రటి బొట్టులా పంటి మీదికి పాకి ఉంటుంది, అంతే. మత్తులో ఉన్న పిల్లికి కూడా ఆ బొట్టు మీద కొలత పుల్ల తాకించగానే కింది దవడ టకటకమని వణుకుతుంది. తెలివి లేని స్థితిలోనే అంత స్పందన ఉంటే, మెలకువలో అది ఎంత నొప్పి అనుభవిస్తోందో ఊహించవచ్చు.

ఈ పన్నును పూడ్చి నిలబెట్టడం కుదరదు. వేరు ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంటే మొత్తం పన్ను వేరుతో సహా తీస్తాము. వేరు ఎముకలో కలిసిపోయి, చీము గానీ చిగుళ్ల జబ్బు గానీ లేకపోతే పైభాగాన్ని మాత్రమే కోసి చిగురును కప్పి కుట్టవచ్చు. ఏది చేయాలో ఎక్స్-రే లేకుండా నిర్ణయించే వీలు లేదు.

మా పిల్లి నోరంతా ఎర్రగా పుండైంది. పళ్లన్నీ తీసేయాలంటున్నారు. అది న్యాయమేనా?

వినడానికి క్రూరంగా అనిపిస్తుందని తెలుసు. ఇది పంటి మీది పాచికి పిల్లి రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల వచ్చే దీర్ఘకాలిక వాపు. పిల్లులకు సోకే క్యాలిసి వైరస్‌తో దీనికి సంబంధం కనిపిస్తుంది. గొంతు పక్కభాగాలు పచ్చిపుండులా ఉంటాయి, పిల్లి ఆవలించాలన్నా అరుస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షనుతో కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, ప్రతిసారీ తగ్గే కాలం కుదించుకుపోతుంది. పాచి పట్టడానికి చోటు లేకుండా దవడ పళ్లన్నీ, లేదా మొత్తం పళ్లు తీసినప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల పిల్లులు పూర్తిగానో చాలావరకో కోలుకుంటాయి. మిగిలినవాటికి మందులు కొనసాగించాలి. మెరుగుదలకు నెలలు పట్టవచ్చు. వేరు ముక్క ఒక్కటి లోపల మిగిలినా ఫలితం దెబ్బతింటుంది.

పళ్లు లేకుండా ఎలా తింటుంది? చక్కగా తింటుంది. పిల్లి పళ్లు కోసి చీల్చడానికి చేసినవి, గిన్నెలోని ఆహారాన్ని నాలుకతో తీసుకుని మింగడానికి అవి అవసరం లేదు. పళ్లన్నీ పోయిన పిల్లులు కొన్నాళ్లకు గట్టి పొడి ఆహారం కూడా ఇష్టంగా తింటాయి.

పన్ను విరిగింది, కానీ నొప్పి ఉన్నట్టు లేదు. వదిలేయవచ్చా?

విరిగిన చోట మధ్యలో ఎర్రని గానీ నల్లని గానీ చుక్క కనిపిస్తే పంటి గుజ్జు, అంటే నరాలూ రక్తనాళాలూ ఉండే లోపలి మెత్తని భాగం, బయటపడినట్టే. మొదట ఎర్రగా, కొద్దిరోజులకు గుజ్జు చనిపోయి నల్లగా కనిపిస్తుంది. ఆ రంధ్రం సూక్ష్మజీవులకు ఎముకలోకి దారి. లేత వయసు కుక్కలో పన్ను విరిగిన 48 గంటలలోపు తీసుకొస్తే గుజ్జును సజీవంగా కాపాడే చికిత్సకు అవకాశం ఉంటుంది. ఆ సమయం దాటితే రూట్ కెనాల్ చేయడమో, పన్ను తీయడమో రెండే మార్గాలు. కోరపన్ను, పైదవడ పెద్ద పన్ను వంటి పనికొచ్చే పళ్లను రూట్ కెనాల్‌తో నిలబెట్టడం మంచిది. విరగకుండానే గులాబీ, ఊదా రంగులోకి మారిన పన్ను కూడా లోపల చనిపోయి ఉండే అవకాశమే ఎక్కువ.

కుక్కకు కంటి కింద వాపు వచ్చింది. ఇది పంటి సమస్య ఎలా అవుతుంది?

పైదవడలోని ఆ పెద్ద పన్నుకు మూడు వేర్లుంటాయి, వాటి కొసలు సరిగ్గా కంటి కింద ఎముకలో ఉంటాయి. అక్కడ చీము పడితే కంటి కింద ఉబ్బుతుంది, కొన్నిసార్లు పగిలి చీము కారుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే వాపు తగ్గుతుంది, మందు ఆపిన కొన్ని వారాలకు తిరిగి వస్తుంది, ఎందుకంటే చనిపోయిన పన్ను ఇంకా లోపలే ఉంది. పంటి జబ్బును మందుబిళ్లలతో వాయిదా వేయవచ్చు గానీ నయం చేయలేము. ఇదే విధంగా పై కోరపన్ను లోపలి గోడ కరిగితే నోటికీ ముక్కుకూ మధ్య దారి ఏర్పడి, నెలల తరబడి తుమ్ములు, ఒకవైపు ముక్కు కారడం జరుగుతాయి. పొడవు ముట్టె ఉండే డాక్స్‌హుండ్ జాతిలో ఇది ఎక్కువగా చూస్తాము.

పన్ను తీయడమంటే పట్టుకుని లాగడమేనా?

కాదు. ముందు ఆ వైపు దవడ నరానికి మొద్దుబారే ఇంజెక్షను ఇస్తాము. దీనివల్ల మత్తుమందు తక్కువ పడుతుంది, లేచాక కొన్ని గంటల వరకు నొప్పి తెలియదు. తరువాత చిగురును పొరలా విడదీసి, వేరును కప్పిన పల్చని ఎముకను కొద్దిగా తొలగించి, రెండు మూడు వేర్లున్న పన్నును నీటితో చల్లబరుస్తూ ముక్కలుగా కోసి, ఒక్కో వేరును విడివిడిగా కదిల్చి తీస్తాము. ఈ పనిలో బలం కాదు, ఓపిక కావాలి. పనిముట్టును సందులో నిలిపి పది పదిహేను సెకన్లు మెల్లగా ఒత్తి పట్టుకుంటే, వేరును ఎముకకు పట్టి ఉంచే లిగమెంటు అలసి వదులుతుంది. తొందరపడినప్పుడే వేర్లు విరుగుతాయి. ఎముక అంచులను నునుపు చేసి, చిగురును బిగుతు లేకుండా కప్పి, వాటంతటవే కరిగే దారంతో కుట్టేస్తాము.

ఇంటికి తెచ్చాక ఏం చూసుకోవాలి?

మొదటి రాత్రి మగతగా ఉండటం, లాలాజలంలో లేత గులాబీ రంగు కనిపించడం సహజం. చిక్కని నెత్తురు ఆగకుండా కారుతుంటే వెంటనే ఫోను చేయాలి. రెండు వారాలపాటు మెత్తని ఆహారమే పెట్టాలి. బొమ్మలు, తాళ్ల లాగులాట వద్దు. కుట్లు ఉన్న చోట బ్రష్షు వద్దు. డాక్టరు రాసిన నొప్పిమందును, జంతువు బాగానే ఉన్నట్టు కనిపించినా, చెప్పినన్ని రోజులూ ఇవ్వాలి. మన మందుల డబ్బాలోని బిళ్లలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. పారాసెటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు తెచ్చి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇంట్లో పళ్లు తోమడం నిజంగా సాధ్యమా?

సాధ్యమే, కానీ మొదటిరోజే బ్రష్షు నోట్లో పెడితే కాదు. మొదటి వారం వేలిమీద పేస్టు నాకించడం, రెండో వారం పెదవి ఎత్తి వేలితో పళ్లు తాకడం, తరువాత మెత్తని బ్రష్షుతో ఒకటి రెండు పళ్లు, ఇలా నెలరోజులు తీసుకోండి. నోరు తెరవాల్సిన పని లేదు. బయటి వైపు, చిగురు అంచున, బ్రష్షును ఏటవాలుగా పెట్టి మెల్లగా తిప్పితే చాలు. లోపలి వైపును నాలుక కొంతవరకు చూసుకుంటుంది. పాచి రెండు మూడు రోజుల్లో గట్టిపడుతుంది కాబట్టి వారానికి ఒకసారి తోమితే ప్రయోజనం దాదాపు ఉండదు. రోజూ తోమాలి. మనుషుల పేస్టు వద్దు. అందులోని ఫ్లోరైడు, నురగ మింగడానికి తగినవి కావు, కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను హఠాత్తుగా పడగొట్టి కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది. చిగుళ్లు ఇప్పటికే నెత్తురు కారుతుంటే ముందు చికిత్స, తరువాతే బ్రష్షు.

తోమనివ్వని జంతువులకు నమిలే బిళ్లలు, ప్రత్యేక ఆహారాలు కొంత సాయపడతాయి. వాటిని ఎంచుకునేటప్పుడు వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉందేమో చూడండి. 1997 నుంచి ఈ సంస్థ పాచినీ గారనూ తగ్గిస్తాయని పరీక్షల్లో రుజువైన వస్తువులకే ఆ ముద్ర ఇస్తోంది.

ఎముకలు కొరికితే పళ్లు శుభ్రపడతాయంటారు కదా?

గార కొంత రాలవచ్చు, దానితోపాటు పన్నూ పగలవచ్చు. నేను చూసే పైదవడ పెద్ద పన్ను పగుళ్లలో చాలావాటికి ఎముకలు, జింక కొమ్ములు, ఎండు గిట్టలే కారణం. గోటితో నొక్కితే నొక్కు పడని వస్తువును, మీ మోకాలి చిప్పకు కొట్టుకుంటే నొప్పి పుట్టేంత గట్టి వస్తువును కుక్కకు ఇవ్వకండి. టెన్నిస్ బంతి మెత్తగా ఉన్నా దాని నూగు, అందులో పట్టిన ఇసుక పళ్లను ఆకురాయిలా అరగదీస్తాయి.

చిగురు మీద చిన్న గడ్డ కనిపించింది. కొన్నాళ్లు చూద్దామా?

చూడకండి, తీసుకెళ్లండి. కుక్క నోట్లో హానిలేని గడ్డలూ వస్తాయి, మెలనోమా అనే క్యాన్సరు వంటి ప్రాణాంతకమైనవీ వస్తాయి. కంటితో రెండింటినీ వేరుచేయలేము, ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. పిల్లుల్లో నాలుక కింద, దవడ మీద వచ్చే స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సరు చాలా వేగంగా పెరుగుతుంది, తొలిదశలో అది కదిలే పన్నులాగో, మానని చిగురు పుండులాగో మాత్రమే కనిపిస్తుంది.

శస్త్రచికిత్స ఎక్కడ చేయించాలో నిర్ణయించుకునే ముందు ఏమి అడగాలి?

పళ్ల ఎక్స్-రే యంత్రం ఉందా, మత్తును చూసుకోవడానికి ప్రత్యేకంగా ఎవరుంటారు, శ్వాసనాళంలో గొట్టం వేస్తారా, నరానికి మొద్దుబారే ఇంజెక్షను ఇస్తారా, శుభ్రం చేశాక పాలిష్ చేస్తారా అని అడగండి. పాలిష్ చేయకపోతే స్కేలింగు మిగిల్చిన సన్నని గీతల్లో పాచి త్వరగా తిరిగి పడుతుంది. ఎక్స్-రేలో ఊహించనివి బయటపడతాయి కాబట్టి, ముందు చెప్పినదానికంటే ఎక్కువ పళ్లు తీయాల్సి రావచ్చు. అందుకని ఆ సమయంలో మీరు ఫోనుకు అందుబాటులో ఉండటం, అందకపోతే ఏం చేయాలో ముందే రాసి ఇవ్వడం మంచిది. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చి, తీసిన ఎక్స్-రేలను మీ ముందు పెట్టి ఏ పన్ను ఎందుకు తీశారో చూపించే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.